పడవలో రాసిన దినచర్య: విలియం బ్లై

భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఉక్కు కర్మాగారంలో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లోనూ ఉండవచ్చు. షిఫ్టు దిగేముందు లాగ్ బుక్కులో ఆ పూట జరిగింది రాసిపెట్టడం వారికి తెలిసిన పనే. ఆ పేరు ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? లాగ్ అంటే కొయ్య దుంగ. పూర్వం నావికులు ఒక కొయ్యముక్కకు ముళ్ళు వేసిన తాడు కట్టి సముద్రంలో వదిలేవారు. కొద్ది సేపట్లో ఎన్ని ముళ్ళు చేయి దాటాయో లెక్కపెట్టి ఓడ వేగం తెలుసుకునేవారు. ఆ లెక్క రాసే పుస్తకానికీ అదే పేరు స్థిరపడింది. అలాంటి పుస్తకాన్ని చావుబతుకుల మధ్య రాసిన ఒక నౌకాధికారి గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

విలియం బ్లై 1754లో ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి ప్లిమత్ రేవులో సుంకాల ఉద్యోగి. బ్లై చిన్నతనంలోనే నౌకాదళంలో చేరి, ఇరవై రెండేళ్ళు నిండకముందే ప్రసిద్ధ నావికుడు జేమ్స్ కుక్ ఓడలో దారి చూపే అధికారి అయ్యాడు. పటాలు గీయడం, నక్షత్రాలను బట్టి స్థానం కట్టడం ఆయనకు కొట్టినపిండి.

1787లో ఆయనకు బౌంటీ అనే ఓడను అప్పగించారు. తహితి దీవి నుంచి సీమపనస మొక్కలు తెచ్చి వెస్టిండీస్‌లో నాటించాలి. అక్కడి చెరకు తోటల్లో చాకిరీ చేసే బానిసలకు చౌకగా తిండి పెట్టాలన్నది యజమానుల ఆలోచన. ఓడ తహితిలో అయిదు నెలలు ఆగింది. వెయ్యికి పైగా మొక్కలు సిద్ధమయ్యాయి. ఆ దీవి సుఖానికి అలవాటుపడిన నావికులకు మళ్ళీ ఓడ క్రమశిక్షణ కష్టమైంది. కొరడా దెబ్బలు కొట్టించడంలో బ్లై ఆ కాలపు కెప్టెన్లందరినీ మించినవాడేమీ కాదు. ఆయనకు నోరే చేటు తెచ్చింది. 1789 ఏప్రిల్ 27న కొబ్బరికాయలు దొంగిలించారంటూ అందరిముందూ తిట్టాడు. ఆ మాటలు పడినవారిలో తాను పైకి తెచ్చిన ఫ్లెచర్ క్రిస్టియన్ కూడా ఉన్నాడు. మరునాడు తెల్లవారుజామున క్రిస్టియన్ తిరుగుబాటు చేశాడు. బ్లైనీ, మరో 18 మందినీ 23 అడుగుల పడవలోకి దింపి వదిలేశాడు.

పటాలు ఇవ్వలేదు. కొద్దిగా రొట్టె, పంది మాంసం, నీళ్ళు, దిక్సూచి, సూర్యుని ఎత్తు కొలిచే సాధనం మాత్రం దక్కాయి. దగ్గరలోని టోఫువా దీవిలో దిగితే అక్కడివారు రాళ్ళతో కొట్టి ఒకరిని చంపారు. ఇక ఎక్కడా దిగే ధైర్యం లేక తిమోర్ దీవివైపు సాగారు. మీ దగ్గర ప్రపంచ పటం ఉంటే ఈ రెండు దీవులనూ వెతికి చూడండి. మొత్తం ప్రయాణం 3,618 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 6,700 కిలోమీటర్లు.

రెండు కొబ్బరి చిప్పలతో త్రాసు చేశారు. తుపాకీ గుండే తూకపురాయి. పూటకు ఒక్కొక్కరికి ఆ గుండెత్తు రొట్టె, అంటే సుమారు 18 గ్రాములు! పక్షి దొరికితే 18 వాటాలు వేసేవారు. ఒకడు వీపు తిప్పి నిలబడితే, మరొకడు ఒక్కొక్క వాటాను చూపి ఇది ఎవరికని అడిగేవాడు. అటు తిరిగినవాడు పేరు చెప్పేవాడు. అప్పుడు తగాదాకు చోటుండదు. వేగం కొలిచే తాడును కూడా వాళ్ళే పేని, సెకన్లను నోటితో లెక్కపెట్టడం నేర్చుకున్నారు.

వానలో తడుస్తూ, పడవలోకి వచ్చిన నీళ్ళు తోడిపోస్తూ ఉన్న రోజుల్లో కూడా బ్లై రాయడం మానలేదు. ఆ చిన్న పుస్తకం ఆయన వెంట ఉన్న హేవర్డ్ అనే కుర్ర అధికారిది. గాలి, దూరం, స్థానం, పంచిన తిండి, దారిలో కనిపించిన ఫిజీ దీవుల వివరాలు అందులో ఎక్కించాడు. తిరుగుబాటుదారుల వయసు, ఎత్తు, ఒంటిమీది పచ్చబొట్లు కూడా రాశాడు. ఎందుకో మీరు ఊహించగలరు. ఎక్కడ కనిపించినా వాళ్ళను పట్టుకోవాలని.

జూన్ 14న తిమోర్‌లోని కుపాంగ్ రేవు చేరారు. దారిలో ఆకలికి ఒక్కరు కూడా చనిపోలేదు. అయితే ఆ తర్వాత జ్వరాలూ ఇతర కారణాలూ కొందరిని బలిగొనగా, ఇంగ్లండు చేరినవారు 12 మందే. సైనిక న్యాయస్థానం బ్లైని నిర్దోషిగా వదిలింది. పట్టుబడిన తిరుగుబాటుదారులలో ముగ్గురిని 1792లో ఉరితీశారు. బ్లై రెండోసారి వెళ్ళి సీమపనస మొక్కలను వెస్టిండీస్ చేర్చాడు కూడా. ఆ తర్వాత ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కు గవర్నరయ్యాడు. అక్కడా 1808లో సైనికులే ఆయనను పదవినుంచి దించారు. 1817లో లండన్‌లో మరణించాడు.

కొబ్బరికాయల తగాదా మనకు తెలిసింది ముఖ్యంగా ఓడలోని ఇతరులు రాసుకున్నదానివల్ల. తిరుగుబాటు గురించి క్రిస్టియన్ తన చేతితో రాసినది ఏదీ దొరకలేదు. బ్లై పుస్తకం మాత్రం కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.