ఇంజను విప్పి చదువుకున్న జి.డి. నాయుడు



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని పాత విద్యార్థులమైన మమ్మల్ని అడిగారు. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి మీరే మాకన్నా బాగా రాస్తారు. మాలో చాలామందిమి మైలవరంలో పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ. చేసి, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పని నేర్చుకున్నవాళ్లం. అందుకని స్పానరుతో జీవితం మొదలుపెట్టిన జి.డి. నాయుడు గారిని ఎంచుకున్నాము.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తరాల క్రితం తమిళ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం వారిది. పసితనంలోనే తల్లి పోయింది. బడి చదువు ఆయనకు అబ్బలేదు. కొద్ది తరగతులతోనే ఆపేసి పొలం పనుల్లో పడ్డారు.

ఆ రోజుల్లో ఒక బ్రిటిష్ అధికారి రడ్జ్ కంపెనీ మోటారు సైకిల్ మీద ఆ ఊరి వైపు వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా దానంతట అదే పరుగెత్తే బండిని చూసి ఆ కుర్రవాడికి నిద్ర పట్టలేదు. ఎలాగైనా దాన్ని కొనాలని కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరారు. కొన్నేళ్లు పైసా పైసా కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్నాక ఊరంతా తిరిగి గొప్ప చూపించుకోలేదు. ముక్క ముక్కగా విప్పి, ఏ భాగం ఎందుకుందో చూసి, మళ్లీ బిగించారు. ఆయన చదివిన మొదటి పుస్తకం అదే అనవచ్చు.

విప్పడం ఎవరైనా విప్పుతారు. బిగించాక బండి స్టార్టు కావడంలోనే విద్య అంతా ఉంది. ఈ సంగతి మాకు ఎలా తెలిసిందో చెబుతాము.

మేము పనిలో చేరిన కొత్తలో ఒక పాత పెట్రోలు కారుకు టైమింగ్ చైను మార్చాము. మార్కులన్నీ సరిగ్గా కలిపాము. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. కార్బురేటరులోంచి తుమ్మినట్టు చప్పుడు వస్తోంది. బ్యాటరీ దిగిపోయేదాకా సెల్ఫ్ కొట్టాము. ఇక చైను మళ్లీ విప్పుదామనుకుంటుండగా మా మేస్త్రీ గారు ఆపారు. విప్పే ముందు వరసగా చూడమన్నారు. పెట్రోలు వస్తోందా? వస్తోంది. ప్లగ్గులో నిప్పురవ్వ ఉందా? ఉంది. సిలిండరులో గాలి ఒత్తిడి ఉందా? ఉంది. మరి ఆ నిప్పురవ్వ సరైన సమయానికి పడుతోందా?

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరుగుతుంది. కాబట్టి పిస్టను రెండుసార్లు పైకి వస్తుంది. ఒకసారి పెట్రోలు గాలిని నొక్కుతూ వస్తుంది, ఇంకోసారి కాలిన పొగను బయటికి నెడుతూ వస్తుంది. క్రాంకు మీద మార్కు రెండుసార్లూ ఒకే చోట కనిపిస్తుంది. నిప్పురవ్వ పడవలసింది మొదటిసారే. మేస్త్రీ గారు ముందుగా కాయిల్ వైరు తీయించారు. ఒకటో నంబరు ప్లగ్గు విప్పించి, ఆ రంధ్రం మీద వేలు పెట్టమని, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పించారు. గాలి వేలిని తన్నింది. అక్కడినుంచి మార్కు కలిసేదాకా తిప్పి డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే, లోపలి రోటరు ఒకటో సిలిండరు వైరును చూపవలసింది, నాలుగో దాన్ని చూపుతోంది. పొగ పోయే చుట్టులో డిస్ట్రిబ్యూటరు బిగించాము. అంటే సగం చుట్టు తేడా! దాన్ని తీసి సరిగ్గా పెట్టాక, ఇంకో బ్యాటరీ కలిపి సెల్ఫ్ కొడితే బండి అందుకుంది. చైనులో ఏ దోషమూ లేదు. మా తొందరలోనే ఉంది దోషం.

నాయుడు గారికి చెప్పడానికి ఇలాంటి మేస్త్రీ కూడా లేడు. అయినా మెకానిక్కుగా నిలబడ్డారు. 1920లో రాబర్ట్ స్టేన్స్ అనే వ్యాపారి సహాయంతో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెరిగి వందల బస్సుల సంస్థ అయింది. వేళకు నడవడంలో ఆ బస్సులకు మంచి పేరుండేది. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి పీలమేడులో దేశంలోనే మొదటిదని చెప్పే విద్యుత్ మోటారు తయారు చేయించారు. గడ్డం గీసుకునే విద్యుత్ రేజరు, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం ఆయన చేసినవే. 1952లో రెండు వేల రూపాయల ఖరీదులో ఇద్దరు కూర్చునే కారు తయారు చేస్తే, ప్రభుత్వ లైసెన్సు దొరకక అది ఆగిపోయింది.

బడి మానేసిన ఈ మనిషి బడిని తక్కువ చేయలేదు. 1945లో ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల మొదలుకావడానికి ఆయనే ముఖ్య కారకులు, తొలి ప్రిన్సిపాలు కూడా. ఏళ్ల తరబడి సాగే కోర్సులకన్నా పని నేర్పే చిన్న కోర్సులు మేలని వాదించి, ఆ మాట నెగ్గకపోవడంతో పదవి వదిలేశారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

తమ్ముళ్లూ, ఆయన చదువు మానేసి గొప్పవాడయ్యాడు కదా అని మీరెవరూ అనుకోవద్దు. ఆయన వెనక పొలం ఉంది. ఓడిపోయినా తిరిగి వెళ్లడానికి ఇల్లుంది. మనలో చాలామంది అమ్మానాన్నలు కూలికి వెళ్లేవారే. మనకున్న పొలం ఈ హాస్టలే, ఈ ట్రంకుపెట్టెలోని పుస్తకాలే. మాతో చదివి పదిలో ఒక్క సబ్జెక్టు పోయిందని ఇంటికి వెళ్లి మళ్లీ రానివాళ్లు ఉన్నారు. వాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ మాకు బాధే. ఒక్క సబ్జెక్టు తేడా అంటే సగం చుట్టు తేడా లాంటిదే. ఇంజను మొత్తం పాడైనట్టు కాదు. ఎక్కడ తప్పిందో వరసగా చూసుకుని, సిగ్గుపడకుండా అడిగి, మళ్లీ బిగించుకోండి. ఆటోనగర్ వచ్చినప్పుడు మా షెడ్డుకు రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.