విజయనగర మహారాజకుమారుడు – క్రికెట్టు క్రీడ

ఆస్టినాబాద్ నందును, పోర్టుబ్లెయిర్ పరిసరములందును కాపురమున్న తెలుగు కుటుంబములలో పెక్కింటికి శ్రీకాకుళ, విజయనగర, విశాఖపట్టణ ప్రాంతములే పుట్టినిండ్లు. వారికి విజయనగరపు కోట పేరు క్రొత్తది కాదు. అయినను ఆ పూసపాటి వంశమున జనించిన యొక రాజకుమారుడు ఇంగ్లండునకు పోయిన భారత జట్టునకు నాయకుడయ్యెననియు, ఆ నాయకత్వమును గూర్చిన వాదములు నేటికిని చల్లారలేదనియు ఎఱిగినవారు తక్కువ. ఆయన పూర్తి నామము విజయానంద గజపతిరాజు. క్రికెట్టు లోకము మాత్రము విజ్జీ యనియే పిలిచెను.

విజయానందులు 1905 డిసెంబరు 28వ తేదీన జన్మించిరి. తండ్రి విజయరామ గజపతిగారు విజయనగర ప్రభువు. ఆ సంస్థానము అంతకు పూర్వము ఆనంద గజపతి కాలమున గురజాడ అప్పారావుగారి వంటి ప్రతిభాశాలులకు నీడనిచ్చినది. 1919లో విజయరామ గజపతిగారు సంగీత కళాశాలను నెలకొల్పగా ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. అట్టి యింట పుట్టిన బాలునకు వీణయో కవిత్వమో అబ్బవలసినది, అబ్బినది బ్యాటు! అజ్మీరులోని మేయో కళాశాలయు, ఇంగ్లండులోని హెయిలీబరీ పాఠశాలయు వారి చదువునకు స్థానములు. అక్కడనే ఆటమీద మక్కువ పెరిగెను.

1922లో తండ్రి కాలధర్మము నొందెను. అగ్రజులైన అలక నారాయణ గజపతిగారికి గద్దె దక్కెను. రెండవ కుమారుడు కనుక విజయానందులు కాశీలోని తమ వంశపు ఎస్టేటునకు తరలిపోయిరి. రాజ్యము లేని రాజకుమారునకు కీర్తి ఎట్లు వచ్చును? ఆ ప్రశ్నకు వారు క్రికెట్టులో సమాధానము వెదకికొనిరి. 1926లో కాశీలోని తమ భవనమున సొంత క్రీడాస్థలమును నిర్మించి, ఒక జట్టును కూర్చిరి. ఆటగాండ్రను పోషించుటలో వారి చేయి పెద్దది. 1930–31లో దేశమున రాజకీయ సంక్షోభము వలన ఇంగ్లండు జట్టు రాక ఆగిపోగా, వారు తమ సొంత జట్టుతో భారత, సింహళ దేశముల యాత్ర చేసిరి. అందు ఆడుటకు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్క్లిఫ్ అను ఇంగ్లండు మహావీరులను రప్పించిరి. ఆ కాలమున అది సామాన్యమైన పని కాదు. ప్రపంచమునందలి శ్రేష్ఠమైన ఆటను కన్నులార చూచు భాగ్యము ఇక్కడి యువకులకు ఆ విధముగ లభించెను. ఈ పుణ్యము విజ్జీగారిదే యని విమర్శకులును ఒప్పుకొందురు.

1932లో భారతదేశము తొలి టెస్టు ఆడుటకు ఇంగ్లండునకు పోవునప్పుడు వారు బోర్డునకు 50 వేల రూపాయలు విరాళమిచ్చిరి. ఉప నాయకునకు క్రింది నాయక పదవిని వారికి ప్రకటించిరి గాని, ఆరోగ్య కారణమున వారు పోలేదు. లార్డ్సు మైదానమున నాయకత్వము నెఱపినవారు కర్నల్ సి.కె. నాయుడుగారు. నాగపురమున పుట్టిన నాయుడుగారును తెలుగువారే. ఒకరు ఆటలో దిట్ట, మఱొకరు ఆట నడుపుటలో దిట్ట. ఇరువురికిని పొసగక పోవుట ఆ దశాబ్దపు దురదృష్టము.

1936 వచ్చెను. పటౌడీ నవాబు నాయకత్వము నుండి తప్పుకొనెను. నాయుడుగారు ఉండగనే బోర్డు విజయానందులను నాయకునిగ ఎన్నుకొనెను. ఆటను బట్టి చూచినచో ఇది సమంజసము కాదు. బోర్డులో సంస్థానాధీశుల పలుకుబడి ఎంతటిదో ఆ యెన్నిక తెలుపును. యాత్రలో జట్టు రెండు ముఠాలుగ చీలెను. అప్పటికి మూడేండ్ల క్రితము, 1933లో, బొంబాయిలో భారతదేశము పక్షమున తొలి టెస్టు శతకము చేసిన లాలా అమరనాథ్ ఆ యాత్రలో పరుగులలోను, వికెట్లలోను ముందంజలో ఉండిరి. జూన్ నెలలో మైనర్ కౌంటీల జట్టుతో ఆడునపుడు, ఆయన ఆటకు సన్నద్ధుడై కూర్చుండగ ఇతరులను ముందు పంపిరి. విసిగిన అమరనాథ్ కఠినమైన మాటలాడెను. నాయకుడును, కార్యనిర్వాహకుడైన మేజర్ బ్రిటన్ జోన్సును కలిసి, తొలి టెస్టునకు ముందే ఆయనను స్వదేశమునకు పంపివేసిరి. ఓడలో ఒంటరిగ తిరిగివచ్చిన ఆ యువకుని బాధ తలచుకొన్నచో, క్రమశిక్షణ పేరిట అధికారము ఎంత దూరము పోగలదో తెలియును.

టెస్టుల ఫలితము ఆశాజనకము కాదు. లార్డ్సులోను, ఓవల్‌లోను ఇంగ్లండు 9 వికెట్లతో గెలిచెను. మాంచెస్టరులో మాత్రము విజయ్ మర్చెంట్ 114, ముస్తాక్ అలీ 112 పరుగులు చేసి, తొలి వికెట్టునకు 203 జోడించి ఆటను సమము చేయుటకు తోడ్పడిరి. అదే ఆటలో నలుబది యేండ్ల కోటా రామస్వామిగారు తొలిసారి టెస్టునకు దిగి 40, 60 పరుగులు చేసిరి. మదరాసున క్రికెట్టును పెంపొందించిన బుచ్చిబాబు నాయుడుగారి కుమారుడాయన. నాయకుడు మాత్రము మూడు టెస్టులలోను కలిపి చేసినవి 33 పరుగులు. ఆ యాత్రలోనే వారికి సర్ బిరుదము వచ్చుట విచిత్రము. తిరిగివచ్చిన పిదప, బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమంట్ అధ్యక్షతన విచారణ జరిగెను. 1937 జనవరిలో వెలువడిన నివేదిక అమరనాథ్‌ను దోషిగ భావింపలేదు. నాయకునకు మైదానమున ఆటగాండ్రను నిలుపుటయు, బంతి వేయువారిని మార్చుటయు తెలియలేదని పలికెను. ఇంతకంటె నగుబాటు ఒక రాజకుమారునకు ఉండునా! విజయానందుల పిమ్మటి జీవితమంతయు ఆ మాటల నీడలోనే గడచెను.

మఱొకడైనచో ఆటను విడిచి వేటలో మునిగియుండును. వారు వేటగాండ్రే, పులులను లెక్కకు మిక్కిలిగ కొట్టితినని వారే చెప్పుకొనెడివారు. అయినను ఆటను విడువలేదు. 1937లో సంయుక్త రాష్ట్రమున కొలది నెలలు మంత్రిగ ఉండిరి. 1947లో సర్ బిరుదమును వదలుకొనిరి. ఆ రాష్ట్రము ఉత్తరప్రదేశమైన పిమ్మటను అచ్చటి క్రికెట్టు సంఘమును పెక్కేండ్లు నడిపిరి. 1954 మొదలు 1957 వఱకు భారత క్రికెట్టు బోర్డు అధ్యక్షులైరి. ఆ కాలమున ఒక ముచ్చట గమనింపదగినది. 1956–57లో ఉత్తరప్రదేశ జట్టునకు నాయకత్వము వహించుటకు వారు పిలిచినది ఎవరిని? అఱువది యొకటవ యేట ఉన్న సి.కె. నాయుడుగారినే. ఇరువది యేండ్ల క్రిందటి పగ ఇట్లు కరగిపోవుట గొప్పదే గదా! లాలా అమరనాథ్ విషయమును తలచుకొన్నచో, ఆయన 1947–48లో ఆస్ట్రేలియాకు పోయిన భారత జట్టు నాయకుడై తన గౌరవమును తానే నిలుపుకొనియుండెను.

1958లో విజయానందులకు పద్మభూషణ సత్కారము లభించెను. రేడియోలో ఆట వర్ణించుటలోను వారు పాల్గొనిరి. 1959లో భారత జట్టు ఇంగ్లండులో ఆడుచుండగ బి.బి.సి. వారి వ్యాఖ్యాతలలో వారొకరు. తాము నాయకునిగ ఓడిన మైదానములను వర్ణించుటకు మఱల పోవుట ఎంతటి అనుభవమో ఊహింపవచ్చును.

ఆ మీదట తెలుగునేల మఱల పిలిచెను. 1962 ఎన్నికలలో కాంగ్రెసు పక్షమున విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికైరి. అన్నగారి కుమారులు పి.వి.జి. రాజుగారు అప్పటికే 1958లో తండ్రి పేర మాన్సాస్ సంస్థను స్థాపించి, పూర్వుల కోటను విద్యాలయములకు ఒప్పగించియుండిరి. బాబాయిగారు కాశీయందును, అబ్బాయిగారు విజయనగరమునందును తమతమ మార్గముల ప్రజాజీవితమునకు వచ్చిరి.

లోకసభ సభ్యులుగ ఉండగనే విజయానందులు 1965 డిసెంబరు 2వ తేదీన కాశీలో పరమపదించిరి. అఱువదవ జన్మదినమునకు ఇంకను 26 దినములు మిగిలియుండెను. కొలదికాలమునకే వారి పేరిట, దేశమందలి విశ్వవిద్యాలయ మండలముల నడుమ ఆడు విజ్జీ ట్రోఫీ పోటీలు మొదలయ్యెను. తెలుగు కళాశాలల కుఱ్ఱవాండ్రును దక్షిణ మండలము పక్షమున ఆ పోటీలకు దిగిరి.