విప్పి చూచి నేర్చిన విద్య: జి.డి. నాయుడుగారు

హైదరాబాదులో బేగం బజారుకు చేరువనే, కోఠీలో, గుజరాతీ గల్లీ ఉన్నది. చిన్న మోటార్లు, ట్రాన్సిస్టర్లు, తీగలు, బ్యాటరీలు అక్కడి దుకాణాలలో విడివిడిగా దొరుకుతాయి. అట్టి వస్తువులు కొని తెచ్చి, ఇంటివద్దనే యంత్రాలు కూర్చుకొనే విద్యార్థులు తప్పక తెలుసుకొనదగిన తెలుగువారు ఒకరున్నారు. ఆయనే కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపాన గల కలంగల్ గ్రామంలో జన్మించారు. తరతరాల క్రితమే ఆ సీమకు తరలిపోయి, ఇంట తెలుగు మాటను నిలుపుకొన్న రైతు కుటుంబాలలో వారిది ఒకటి. బడి ఆయనకు రుచించలేదు. చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది.

ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలుపై ఆ పల్లెకు వచ్చాడు. ఎద్దు గాని గుఱ్ఱం గాని లేకుండ పరుగెత్తే ఆ వాహనం బాలుని మనస్సును పట్టుకొన్నది. ఆయన కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో పనికి కుదిరి, కొన్నేండ్లపాటు పైసా పైసా కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్నది ఊరేగుటకు కాదు. భాగం భాగంగా విప్పి, ఏది దేనిని కదిలించుచున్నదో కనుగొనుటకు. ఆయనకు అదే పాఠశాల అయినది.

1920లో ఒక మోటారు బస్సు కొని, పొల్లాచి, పళని పట్టణాల నడుమ స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే క్రమంగా యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థగా పెరిగింది. అయినా ఆయన చేతులు పనిముట్లను విడువలేదు. బ్యాటరీతో తిరిగే చిన్న మోటారును అమర్చి క్షురయంత్రం నిర్మించారు. డి. బాలసుందరం నాయుడుగారితో కలసి 1937లో దేశీయమైన విద్యుత్ మోటారును వెలువరించారు. దిగుమతి రేడియో సామాన్య గృహస్థునకు అందని ఆ కాలంలో, అయిదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించారు.

బడి విడిచిన ఆయన బడులకు ఉదారంగా ధనమిచ్చారు. 1945లో కోయంబత్తూరులో పాలిటెక్నికు, ఇంజనీరింగు కళాశాల వెలసినవి ఆయన విరాళంతోనే. నాలుగేండ్ల చదువును రెండేండ్లలోనే నేర్పవచ్చునని ఆయన వాదం. ప్రభుత్వం అంగీకరించక పోవడంతో ఆ బాధ్యతల నుండి తప్పుకొన్నారు.

ఆయన జీవితంలో కఠినమైన ఘట్టమూ ఉన్నది. 1952లో రెండువేల రూపాయల వెలకు రూపొందించిన చిన్న కారుకు ప్రభుత్వ అనుమతి లభించలేదు. ఆ దశకంలోనే, పన్నుల విధానానికి నిరసనగా, తాను చేసిన వస్తువులను బహిరంగంగా పగులగొట్టించారు. ఆ ఆగ్రహానికి కారణం లేకపోలేదు. కాని అవి ఏదైన పాఠశాలకు చేరి ఉంటే ఎందరో బాలురు వాటిని విప్పి చూచి నేర్చుకొనేవారు.

నాయుడుగారు 1974 జనవరి 4న కీర్తిశేషులయ్యారు. పాత రేడియోను విప్పుకొని కూర్చున్న విద్యార్థిని చూచినప్పుడు ఉపాధ్యాయులు ఆయనను స్మరించడం మంచిది. ముందు కరెంటు తీగ తీయించి, ఏ భాగం ఎక్కడిదో కాగితంపై వ్రాయించి, తిరిగి అమర్చే బాధ్యతను కూడ ఆ బాలునికే అప్పగించాలి.