యూజీన్ హూడ్రీ

యూజీన్ జూల్స్ హూడ్రీ (ఏప్రిల్ 18, 1892 - జూలై 18, 1962) ఫ్రాన్సు దేశంలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు, ఆవిష్కర్త. ముడిచమురులోని బరువైన భాగాలను ఉత్ప్రేరకాల సహాయంతో మేలురకం పెట్రోలుగా మార్చే హూడ్రీ పద్ధతి ఈయన పేరుతోనే ప్రసిద్ధి చెందింది. వాహనాల పొగగొట్టంలో అమర్చి విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ రూపకర్తలలో ఈయన అగ్రగణ్యుడు. ఈ సాధనం మొదట ఉపయోగపడింది రహదారులపై తిరిగే కార్లలో కాదు, గోదాములలో సరుకులు మోసే ఫోర్క్‌లిఫ్టు బండ్లలో. కార్లకు అది పనికిరాకపోవడానికి ముఖ్య కారణం ఆనాటి పెట్రోలులో కలిపే సీసం.

బాల్యం, విద్యాభ్యాసం

హూడ్రీ పారిస్ నగరానికి ఉత్తరాన ఉన్న దోమోఁ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి ఉక్కు కట్టడాల సామగ్రిని తయారుచేసే కర్మాగారానికి యజమాని. హూడ్రీ పారిస్‌లో యంత్రశాస్త్రం అభ్యసించి, 1911లో తన తరగతిలో ప్రథముడిగా ఉత్తీర్ణుడై బంగారు పతకం పొందాడు. అనంతరం తండ్రి వ్యాపారంలో ప్రవేశించాడు. రసాయన శాస్త్రం ఆయన ప్రత్యేకంగా చదివిన విషయం కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం

యుద్ధకాలంలో హూడ్రీ ఫ్రెంచి సైన్యంలోని ట్యాంకు దళంలో అధికారిగా పనిచేశాడు. దారీతెన్నూ లేని బురద నేలలపైనా, కందకాలపైనా నడవడానికి నిర్మించిన ఆ వాహనాలు తరచుగా మొరాయించేవి. 1917లో జువాఁకూర్ వద్ద జరిగిన పోరాటంలో, శత్రువుల కాల్పుల మధ్యనే పాడైపోయిన ట్యాంకులకు మరమ్మతులు చేయించి, తాను తీవ్రంగా గాయపడ్డాడు. ఈ సాహసానికి గుర్తింపుగా ఫ్రెంచి ప్రభుత్వం క్రువా ద గేర్ పతకాన్ని ప్రదానం చేసింది.

లిగ్నైట్ నుండి పెట్రోలు

యుద్ధానంతరం హూడ్రీకి పందెపు కార్లపై మక్కువ పెరిగింది. 1922లో అమెరికా వెళ్ళి ఇండియానాపొలిస్ కార్ల పందెం, డెట్రాయిట్‌లోని ఫోర్డు కర్మాగారం చూశాడు. ఇంజను ఎంత మెరుగుపడినా, దానికి తగిన ఇంధనం లేకపోతే ఫలితం ఉండదని ఆయన గ్రహించాడు.

ఫ్రాన్సులో చమురు నిక్షేపాలు తక్కువ. అందువలన లిగ్నైట్ బొగ్గు నుండి పెట్రోలు తీయాలనే ఆలోచనకు అక్కడ ఆదరణ లభించింది. నీస్ నగరానికి చెందిన ప్రుదోమ్ అనే ఔషధ నిపుణుడితో కలిసి హూడ్రీ ఈ పరిశోధన ఆరంభించాడు. వందలాది పదార్థాలను ఉత్ప్రేరకాలుగా పరీక్షించాడు. తయారైన పెట్రోలును తన బుగాటి కారులో పోసి, ఎగువదారిన నడిపి దాని నాణ్యతను అంచనా వేసేవాడు. 1929లో రోజుకు 60 టన్నుల లిగ్నైట్‌ను శుద్ధిచేసే కర్మాగారం నెలకొల్పారు. కానీ ఖర్చు ఎక్కువై అది లాభసాటి కాలేదు. ప్రభుత్వం ఆర్థిక సహాయం నిలిపివేయగా కర్మాగారం మూతపడింది.

ఈ వైఫల్యానికి ముందే, 1927 ప్రాంతంలో, హూడ్రీ మరొక విషయం కనుగొన్నాడు. సిలికా, అల్యూమినా కలిసిన ఒక రకం బంకమన్ను బరువైన చమురును మేలురకం పెట్రోలుగా మార్చగలదు. కానీ చర్య జరిగే కొద్దీ ఆ మన్నుపై బొగ్గుపొర పేరుకొని, నిమిషాలలోనే అది పనిచేయడం మానేస్తుంది. ఉత్ప్రేరకాన్ని పారవేయకుండా, గాలి పంపి ఆ బొగ్గుపొరను కాల్చివేసి, తిరిగి వాడుకునే ఏర్పాటు చేశాడు. ఆ మంటలో పుట్టిన వేడిని కూడా వినియోగంలోకి తెచ్చాడు. హూడ్రీ పద్ధతికి ప్రాణం ఇదే.

అమెరికాలో

1930లో వాక్యూమ్ ఆయిల్ కంపెనీ ఆహ్వానంపై హూడ్రీ అమెరికా వెళ్ళాడు. మరుసటి సంవత్సరం హూడ్రీ ప్రాసెస్ కార్పొరేషన్ ఏర్పడింది. ఆర్థిక మాంద్యం కారణంగా నిధులు కొరవడగా, 1933లో సన్ ఆయిల్ కంపెనీ కూడా భాగస్వామి అయింది. 1937లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మార్కస్ హుక్ వద్ద సన్ ఆయిల్ కంపెనీ రోజుకు 12,000 పీపాల సామర్థ్యం గల కర్మాగారాన్ని ప్రారంభించింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల విమానాలకు కావలసిన 100 ఆక్టేన్ ఇంధనం తయారీలో హూడ్రీ కర్మాగారాలు ప్రముఖ పాత్ర వహించాయి. 1942 నుండి, ఉత్ప్రేరకాన్ని పొడిగా చేసి నిరంతరం ప్రవహింపజేసే కొత్త పద్ధతి వచ్చి క్రమంగా హూడ్రీ పద్ధతి స్థానాన్ని ఆక్రమించింది.

జర్మనీకి లొంగిపోయిన విషీ ప్రభుత్వాన్ని హూడ్రీ తీవ్రంగా వ్యతిరేకించాడు. జనరల్ డిగాల్‌కు మద్దతుగా అమెరికాలో ఏర్పడిన ఫ్రాన్స్ ఫరెవర్ అనే సంస్థకు నాయకత్వం వహించాడు. ఫలితంగా 1941లో విషీ ప్రభుత్వం ఆయన ఫ్రెంచి పౌరసత్వాన్ని రద్దుచేసింది. 1942లో ఆయన అమెరికా పౌరుడయ్యాడు.

పొగగొట్టంలో ఉత్ప్రేరకం

యుద్ధం ముగిశాక అమెరికా నగరాలలో కార్ల సంఖ్య విపరీతంగా పెరిగింది. లాస్ ఏంజలెస్ నగరాన్ని కమ్మే పొగమంచుకు వాహనాల వ్యర్థవాయువులపై ఎండ జరిపే చర్య కారణమని 1950ల ఆరంభంలో హాగెన్-స్మిట్ నిరూపించాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరగడానికి కూడా ఈ వాయువులు కారణమేమోనని హూడ్రీ ఆందోళన చెందాడు. 1950 ప్రాంతంలో ఆక్సీ-క్యాటలిస్ట్ అనే సంస్థను స్థాపించి, తన శేషజీవితాన్ని ఈ సమస్యకే అంకితం చేశాడు.

ఇంజనులో పూర్తిగా మండని ఇంధనం హైడ్రోకార్బన్లుగా, కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి వస్తుంది. వీటికి తగినంత గాలి కలిపి, వేడెక్కిన ఉత్ప్రేరకంపై ప్రసరింపజేస్తే మంట లేకుండానే మండి నీటి ఆవిరిగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారతాయి. హూడ్రీ పింగాణీ కడ్డీలపై అల్యూమినా పూతపూసి, దానిలో అతి స్వల్పంగా ప్లాటినం చేర్చి ఇటువంటి ఉత్ప్రేరకం తయారుచేశాడు. దీనికి 1956లో అమెరికా పేటెంటు లభించింది.

అయితే వాహనానికి దీనిని అమర్చడం సులభం కాదు. సాధనం ఇంజనుకు మరీ దూరంగా ఉంటే వాయువులు చల్లబడి చర్య జరగదు. మార్గం ఇరుకైతే వాయువులు వెనుకకు నెట్టి ఇంజను శక్తిని తగ్గిస్తాయి. కుదుపులకు పింగాణీ పగలకూడదు. ఇవన్నీ సైలెన్సరు పట్టేటంత చోటులోనే నెరవేరాలి.

ఫోర్క్‌లిఫ్టులు, సీసం సమస్య

అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఇంధనమే. ఇంజనులో తట్టుడు రాకుండా 1923 నుండి పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం కలిపేవారు. ఇంజనులో మండిన తరువాత ఆ సీసం పొగతోపాటు వచ్చి ప్లాటినంపై పొరగా పేరుకుంటుంది. చమురు కర్మాగారంలో బొగ్గుపొరను కాల్చి వదిలించిన హూడ్రీకి ఇక్కడ ఆ ఉపాయం పనిచేయలేదు. బొగ్గు కాలిపోతుంది, సీసం కాలిపోదు.

అందువలన సీసం లేని పెట్రోలు వాడే బండ్లు ఈ సాధనానికి తొలి ఆశ్రయమయ్యాయి. గోదాములలోని ఫోర్క్‌లిఫ్టులు అటువంటివి. అవి రహదారి ఎక్కవు, నెమ్మదిగా నడుస్తాయి, యజమాని పోయించిన ఇంధనంతోనే పనిచేస్తాయి. పైగా నాలుగు గోడల మధ్య కార్బన్ మోనాక్సైడ్ నిలిచిపోయి, రక్తంలోని హీమోగ్లోబిన్‌తో కలిసి పనివారి ప్రాణాలకే ముప్పు తెస్తుంది. కనుక అక్కడ ఈ సాధనం అవసరం ప్రత్యక్షంగా కనిపించింది. తరువాతి కాలంలో భూగర్భ గనులలో తిరిగే డీజిల్ యంత్రాలకు కూడా ఇటువంటి సాధనాలు అమర్చసాగారు.

మరణం, గౌరవాలు

హూడ్రీ జూలై 18, 1962న పెన్సిల్వేనియాలోని అప్పర్ డార్బీలో మరణించాడు. అప్పటికి రహదారిపై తిరిగే కార్లలో ఆయన సాధనం వాడుకలోకి రాలేదు. ఆయనకు 1948లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ వారి పాట్స్ పతకం, 1959లో పెర్కిన్ పతకం లభించాయి. 1990లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ మందిరంలో ఆయనకు స్థానం కల్పించారు. 1996లో అమెరికన్ కెమికల్ సొసైటీ హూడ్రీ పద్ధతిని చారిత్రక రసాయన విజయంగా గుర్తించింది.

మరణానంతరం

1970లో అమెరికా చేసిన స్వచ్ఛ వాయు చట్టం వాహనాల వ్యర్థవాయువులకు కఠినమైన పరిమితులు విధించింది. 1974 నుండి సీసం లేని పెట్రోలు అమ్మకం తప్పనిసరి అయింది. 1975 మోడలు కార్లతో క్యాటలిటిక్ కన్వర్టర్లు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. వాటిలో కడ్డీలకు బదులు గుళికలు, తేనెపట్టు ఆకారపు పింగాణీ దిమ్మెలు వాడారు. భారతదేశంలో 1995లో నాలుగు మహానగరాలలో కన్వర్టర్ గల కొత్త కార్ల కొరకు సీసం లేని పెట్రోలు ప్రవేశపెట్టారు. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా అదే పెట్రోలు అమలులోకి వచ్చింది. 2021లో అల్జీరియా కూడా సీసపు పెట్రోలు అమ్మకం నిలిపివేయడంతో ప్రపంచంలో కార్లకు ఆ ఇంధనం అమ్మే దేశం లేకుండా పోయింది.

ఉత్ప్రేరకాన్ని రక్షించుకోవడానికి పెట్రోలు నుండి సీసాన్ని తొలగించారు. దాని వలన పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేసే సీసం గాలిలో తగ్గిపోయింది. హూడ్రీ సాధనం అసలు ఉద్దేశించినది కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను తొలగించడానికి. దానికి బద్ధశత్రువైన సీసం కూడా చివరికి దాని కారణంగానే తొలగిపోయింది.