బాబేజ్ కట్టని మిషను, నేను కొనని పీసీ

నా ఫోన్ నోట్స్‌లో ఫైనల్ లిస్ట్ అని ఒక ఫైలుంది. దాని కింద ఫైనల్ లిస్ట్ 2, ఒరిజినల్ ఫైనల్, ఇదే ఫైనల్ అంటూ ఇంకో ఆరున్నాయి. ఏడూ ఒకే ఒక్క గేమింగ్ పీసీ కోసం రాసుకున్నవి. ఎనిమిది నెలలైనా ఆ పీసీ మాత్రం రాలేదు.

డబ్బులు లేక కాదు. మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేస్తాడు. సెకండియర్ చివర్లో చీటీ పాడి 65 వేలు నా అకౌంట్లో వేశాడు. గేమ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటాను, ఈ ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ తెరుచుకునేసరికే టీ చల్లారిపోతోంది అని చెప్తే ఆయన ఇంకేం అడగలేదు. గేములు కూడా ఆడతానని నేను చెప్పలేదు. ఆయనకి తెలీదని కాదు.

మొదటి లిస్టు చాలా బుద్ధిగా ఉండేది. రైజెన్ 5 5600 ప్రాసెసర్, దానికి సరిపోయే ఏఎం4 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల పవర్ సప్లై, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, గాలి బాగా ఆడే ఒక మామూలు క్యాబినెట్. మానిటర్ ఒక సీనియర్ అన్న దగ్గర సెకండ్‌హ్యాండ్‌ది మాట్లాడుకున్నాను. అంతా కలిపి ఉన్న డబ్బుకి అటూ ఇటూగా సరిపోయింది. ఆ రోజే కొనేసి ఉండాల్సింది.

ఆ రాత్రి ఒక వీడియో చూశాను. ఏఎం4 పని అయిపోయింది, ముందు ముందు వచ్చేవన్నీ ఏఎం5కే అన్నారు. నిజమే కదా అనిపించింది. ఏఎం5 అంటే డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి, బోర్డు ఖరీదు కూడా ఎక్కువ. ఆ తేడా ఎక్కడినుంచి తేవాలి? గ్రాఫిక్స్ కార్డు తగ్గించాలి. కార్డు తగ్గిస్తే ఇక అది గేమింగ్ పీసీ ఎలా అవుతుంది? మళ్ళీ కార్డు పెంచితే పవర్ సప్లైలో కోత పెట్టాలి. అక్కడ కక్కుర్తి పడితే, అది పోయేటప్పుడు ఒక్కటే పోదు, పక్కవాటిని కూడా తీసుకుపోవచ్చు. ఇలా గానుగెద్దులా తిరుగుతుంటే కొత్త జనరేషన్ కార్డులు వస్తున్నాయని వార్త. సరే, రెండు నెలలు ఆగుదాం అనుకున్నాను.

నాయన వారానికోసారి ఫోన్ చేసి కంప్యూటర్ తెచ్చుకున్నావా అని అడిగేవాడు. వచ్చే వారం అనేవాణ్ణి. ఆయన నెలనెలా చీటీ కంతు కడుతూనే ఉన్నాడు.

ఇంతలో ఈ సంచికకి ఒక శాస్త్రవేత్త జీవితం రాయాలని క్లబ్‌లో నా పేరు వేసేశారు. త్వరగా అయిపోతుందని చార్లెస్ బాబేజ్‌ని ఎంచుకున్నాను. కంప్యూటర్ పితామహుడు, ఒక మార్కు ప్రశ్న. అంతకుమించి నాకేం తెలీదు. లైబ్రరీలో కూర్చుని చదువుతుంటే మాత్రం, ఎవరో నా నోట్స్ ఫైలు తెరిచి పైకి చదువుతున్నట్టుంది.

బాబేజ్ 1791 డిసెంబర్ 26న లండన్‌లో పుట్టాడు. తండ్రి బ్యాంకరు, డబ్బుకి లోటు లేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒకసారి యంత్రాల బొమ్మల ప్రదర్శనకి తీసుకెళ్ళింది. అక్కడ మేడ మీద ఒక వెండి బొమ్మ, అడుగెత్తు నాట్యకత్తె. ఆమె వేలి మీద ఒక పిట్ట. కీ ఇస్తే ఆమె తిరిగేది, పిట్ట రెక్కలాడించేది. పిల్లాడు ఆ బొమ్మని మర్చిపోలేదు. నలభై దాటాక అదే బొమ్మ వేలానికొస్తే కొని, తనే బాగుచేసి, ఇంట్లో హాల్లో పెట్టుకున్నాడు. మొదటిసారి వీడియో గేమ్ చూసిన మనందరికీ ఈ జబ్బు తెలిసిందే.

1810లో కేంబ్రిడ్జిలో చేరాడు. లెక్కల్లో పాఠాలు తనకంటే వెనకబడి ఉన్నాయనిపించి, జాన్ హెర్షెల్, జార్జ్ పీకాక్ లాంటి స్నేహితులతో కలిసి 1812లో ఒక గణిత సంఘం పెట్టాడు. మన లిటరరీ క్లబ్ లాంటిదే, కాకపోతే వాళ్ళు యూరప్ కాలిక్యులస్‌ని ఇంగ్లండ్‌కి తెచ్చారు.

అసలు కథ 1821లో మొదలవుతుంది. ఆ రోజుల్లో ఓడ నడపాలన్నా, నక్షత్రాల లెక్క కట్టాలన్నా అచ్చేసిన పట్టికలే దిక్కు. వాటిని మనుషులే కూర్చుని లెక్కేసేవాళ్ళు, మనుషులే ఎత్తిరాసేవాళ్ళు, మనుషులే అచ్చు పేర్చేవాళ్ళు. మూడు చోట్లా తప్పులే. హెర్షెల్‌తో కలిసి అలాంటి పట్టికలు సరిచూస్తూ, తప్పు మీద తప్పు తగిలి విసిగిపోయి, ఈ పని ఆవిరి యంత్రం చేస్తే ఎంత బాగుండు అనుకున్నాడు బాబేజ్.

దానికి ఆయన పట్టుకున్న కిటుకు చాలా సింపుల్. 1, 4, 9, 16 తీసుకోండి. పక్కపక్క అంకెల తేడాలు 3, 5, 7. ఆ తేడాల మధ్య తేడా ఎప్పుడూ 2. అంటే గుణకారం రాకపోయినా, ఉత్త కూడికతో వర్గాల పట్టిక ఎంత దూరమైనా రాసుకుంటూ పోవచ్చు. కూడిక అంటే పళ్ళచక్రాలు చేయగలవు. అదే డిఫరెన్స్ ఇంజన్. 1822లో చిన్న నమూనా చూపించాడు. 1823లో ప్రభుత్వం డబ్బిచ్చింది.

ఇక పార్టుల దగ్గరికొద్దాం. ఆ మిషన్‌కి సుమారు 25 వేల భాగాలు కావాలి. నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్తే బోర్డు ఒక కంపెనీది, క్యాబినెట్ ఇంకో కంపెనీది కొన్నా స్క్రూ రంధ్రాలు కలుస్తాయి. 1995లో వచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం పుణ్యమది. బాబేజ్ కాలంలో ఒక వర్క్‌షాపు మర ఇంకో వర్క్‌షాపు నట్టుకి పట్టేది కాదు. ఒకే రకం చక్రాలు వందల సంఖ్యలో అచ్చుగుద్దినట్టు కావాలంటే ముందు వాటిని చేసే పనిముట్లనే తయారుచేసుకోవాలి. ఆ పని జోసెఫ్ క్లెమెంట్ అనే గొప్ప పనివాడికి అప్పగించాడు. క్లెమెంట్ దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ అనే కుర్రాడే తర్వాత 1841లో మరలకి ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. అంటే మిషన్ పూర్తి కాకపోయినా, అది తయారైన షెడ్డు నుంచి మనకి పనికొచ్చేది ఒకటి వచ్చింది.

1827 ఆయనకి చాలా చెడ్డ సంవత్సరం. తండ్రి, భార్య జార్జియానా, ఇద్దరు కొడుకులు ఆ ఒక్క ఏడాదిలోనే పోయారు. కొంతకాలం యూరప్ అంతా తిరిగి వచ్చాడు. 1828లో ఒకప్పుడు న్యూటన్ కూర్చున్న కేంబ్రిడ్జి లూకాసియన్ ప్రొఫెసర్ కుర్చీ ఇచ్చారు. ఆయన మనసంతా మిషన్ మీదే.

1832లో మిషన్‌లో ఏడో వంతు బిగించి చూపించారు. రెండు వేల భాగాల ముక్క. చక్కగా పనిచేసింది. వర్క్‌షాపుని తన ఇంటి పక్కకి మార్చమని బాబేజ్, దానికి పరిహారం కావాలని క్లెమెంట్. గొడవ ముదిరి 1833లో పని ఆగింది. అప్పటి ఆచారం ప్రకారం పనిముట్లు పనివాడివే కాబట్టి క్లెమెంట్ వాటితో సహా వెళ్ళిపోయాడు. చేసిన 12 వేల భాగాల్లో చాలావరకు తర్వాత తుక్కుగా కరిగించేశారు. మొత్తం ఖర్చు 17 వేల పౌండ్లు దాటింది. 1831లో ఒక రైలింజను 784 పౌండ్లకి వచ్చింది. ఆ లెక్కన ఇరవైకి పైగా రైలింజన్లు.

పని ఆగి ఖాళీగా ఉన్నప్పుడు, 1834లో ఆయనకి ఇంకా మంచి ఐడియా వచ్చింది. నాకు ఏఎం5 తగిలినట్టు. కాకపోతే ఆయనకి తగిలింది మామూలుది కాదు, ఎనలిటికల్ ఇంజన్. ఒక్క రకం లెక్క కాదు, ఏ లెక్క చెప్తే అది చేసే యంత్రం. లెక్క చేసే భాగానికి మిల్లు అని, అంకెలు దాచే భాగానికి స్టోరు అని పేర్లు పెట్టాడు. మన లిస్టులో ప్రాసెసరూ ర్యామూ అవే.

ఏం చేయాలో ఆ యంత్రానికి చెప్పేది బెజ్జాలు కొట్టిన అట్టలు. ఇది చదివి నేను పుస్తకం మూసేశాను. ఆ అట్టలు ఫ్రాన్స్‌లో జాకార్డు మగ్గానివి. మా ఇంట్లో నాయన మగ్గం మీద, నేను పుట్టకముందు నుంచీ, తాడుతో కుట్టిన ఆ అట్టల దండలే వేలాడుతున్నాయి. బెజ్జం ఉంటే ఒక పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. అంచు మీద నెమలి అలాగే వస్తుంది. పట్టుతో నేసిన జాకార్డు బొమ్మ ఒకటి బాబేజ్ దగ్గర ఉండేది. దాన్ని నేయడానికి దాదాపు 24 వేల అట్టలు వాడారట. పక్కనే మగ్గం పెట్టుకుని నేను ఒకటీ సున్నా అంటే ఏంటో ఫస్టియర్లో స్లైడ్‌లో చూసి నేర్చుకున్నాను.

బాబేజ్ వెళ్ళి ప్రభుత్వానికి ఈ కొత్త ఆలోచన గురించి చెప్పాడు. పాత మిషనే పూర్తి కాలేదు, కొత్తదంటాడేంటి అనుకున్నారు వాళ్ళు. ఏళ్ళ తరబడి నాన్చి 1842లో ఇక డబ్బివ్వమని తేల్చేశారు. మరుసటి ఏడాది ఎడా లవ్‌లేస్ ఆ ఇంజన్ మీద రాసిన నోట్సు అచ్చయ్యాయి. మిషన్ లేకుండానే దానికి ప్రోగ్రామ్ వచ్చేసింది.

గేమర్లు వినాల్సిన ముచ్చట ఇప్పుడు. ఎనలిటికల్ ఇంజన్‌కి డబ్బు కోసం బాబేజ్ ఒక గేమింగ్ మిషన్ కట్టాలనుకున్నాడు. నిజంగానే. లాస్ట్ బెంచీలో నోట్‌బుక్ చివరి పేజీలో మనం ఆడే తొమ్మిది గళ్ళ సున్నా-ఇంటూ ఆట. ఇద్దరు పిల్లల బొమ్మలు, పక్కన ఒక గొర్రెపిల్ల, ఒక కోడిపుంజు. గెలిచిన పిల్లాడు చప్పట్లు కొడుతుంటే కోడి కూస్తుంది, ఓడినవాడు ఏడుస్తుంటే గొర్రెపిల్ల అరుస్తుంది. ఊరూరా చూపించి టికెట్ డబ్బులతో అసలు ఇంజన్ కడదామని ప్లాన్. రెండు ఎత్తులు సమానంగా మంచివైతే ఏది ఎంచుకోవాలో కూడా ఆలోచించాడు. మిషన్ అప్పటిదాకా గెలిచిన ఆటల లెక్క చూసుకోవాలి. సరిసంఖ్య అయితే మొదటిది, బేసి అయితే రెండోది. మనం రాండమ్ ఫంక్షన్‌తో చేసే పనే కదా ఇది. చివరికి, ఇలా డబ్బు పోగయ్యేసరికి తన ఆయుష్షు సరిపోదని లెక్కేసుకుని ఆ ఆలోచన వదిలేశాడు.

1847 నుంచి 1849 దాకా ఇంకో డిజైన్ గీశాడు, డిఫరెన్స్ ఇంజన్ నంబర్ 2. పాతదానికి 25 వేల భాగాలైతే దీనికి 8 వేలు చాలు. 1852లో ప్రభుత్వానికి ఇస్తానంటే వద్దన్నారు. ఈలోగా స్వీడన్‌లో జార్జ్ షోయిట్స్ అనే ప్రింటరు, బాబేజ్ ఇంజన్ మీద ఒక పత్రికా వ్యాసం చదివి, కొడుకు ఎడ్వర్డ్‌తో కలిసి తనదొకటి మొదలుపెట్టాడు. బాబేజ్ గీసినంత పక్కాగా లేదు, అంత పెద్దదీ కాదు. కానీ 1853కి పూర్తయింది. 1855లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం గెలిచింది. తర్వాత అమెరికాలో ఆల్బనీలో ఒక నక్షత్రశాల దాన్ని కొనుక్కుంది. బాబేజ్ ఏడ్చుకోలేదు. పదిమందికి దాని గొప్పతనం చెప్పి, వాళ్ళకి అండగా నిలబడ్డాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇక్కడే.

1871 అక్టోబర్ 18న లండన్‌లో తన ఇంట్లో పోయాడు. ఏ మిషనూ పూర్తి కాలేదు. ఆయన రెండో డిజైన్‌ని లండన్ సైన్స్ మ్యూజియం వాళ్ళు, ఆ కాలంలో సాధ్యమైనంత నునుపుతనానికే కట్టుబడి చేయించారు. 1991లో, ఆయన పుట్టిన రెండు వందల ఏళ్ళకి, లెక్కలు చేసే భాగం పూర్తయింది. పనిచేసింది. అంటే డిజైన్‌లో తప్పు లేదు.

మరి ఇందులో నీతి ఏంటి? ఉన్నదానితో సరిపెట్టుకోవాలి అని తేల్చేద్దామనుకున్నాను. అది అన్యాయం. 1834లో ఆయన పాత మిషన్‌తోనే సరిపెట్టుకుని ఉంటే ఆ మిల్లూ, స్టోరూ, అట్టలూ కాగితం మీదకి వచ్చేవి కావేమో. పని ఆగడానికి క్లెమెంట్, ప్రభుత్వం, పోయిన మనుషులు, చాలా కారణాలున్నాయి. నేను ఎన్నాళ్ళుగానో బాబేజ్‌లా ఉన్నాననుకుని కొంచెం గర్వపడ్డాను కూడా. కానీ ఆయన ఆగింది తన తలలో పుడుతున్న మిషన్ కోసం. నేను ఆగింది ఎవరో విడుదల చేసే కార్డు కోసం. ఆ ఎనిమిది నెలల్లో నేను ఒక్క లైను కోడ్ రాయలేదు. కట్టింది మాత్రం నాయన, చీటీ కంతులు.

ఆ శనివారం సీటీసీకి వెళ్ళాను. ఏడు లిస్టుల్లో మొదటిదే తీసుకెళ్ళాను. హాస్టల్ మంచం మీద దుప్పటి తీసేసి బిగించాం. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. అరగంట చెమటలు పట్టాయి. చివరికి చూస్తే మానిటర్ కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా బోర్డుకి పెట్టాను. 5600లో సొంత గ్రాఫిక్స్ ఉండదు. జూనియర్స్, ఇది గుర్తుపెట్టుకోండి.

దాని మీద నేను రాసిన మొదటి గేమ్ తొమ్మిది గళ్ళ ఆట. రెండు ఎత్తులు సమానమైతే సరి-బేసి చూసుకుంటుంది. కోడి కూత కూడా పెట్టాను. వీడియో కాల్‌లో నాయనకి క్యాబినెట్ లోపల చూపిస్తూ, ఇది మన మగ్గానికి చుట్టమే అని జాకార్డు కథంతా చెప్పాను. ఆయన కాసేపు తేరిపార చూసి, మరి అట్టలేవి అని అడిగాడు. తర్వాత తనూ ఒక ఆట వేశాడు. గళ్ళు ఆయన చెప్తుంటే నేను నొక్కాను. డ్రా అయింది.

నోట్స్‌లో ఏడు లిస్టులూ డిలీట్ చేశాను. వచ్చే నెల ఇంకో కొత్త కార్డు వస్తోందట. రానీ.