మోరిస్ దొర, ఆయన కారు, ఒక పాత హీటరు

ఇంగ్లండులో పాత కార్లను బాగుచేసుకునేవాళ్ల పట్టుదల ఒకటి చెప్పుకోదగినది. బండి నడిస్తే చాలదు. ఫ్యాక్టరీ గేటు దాటిననాడు అందులో ఏ సామాను ఉందో ఆ సామానే ఉండాలి వాళ్లకు. 1950ల నాటి మోరిస్ మైనర్ ఒకటి చేతికి చిక్కితే, డాష్‌బోర్డు కింద బిగించే స్మిత్స్ కంపెనీ హీటరు కూడా ఆనాటిదే కావాలంటారు. తుప్పుపట్టిన డబ్బా కోసం ఇంత తంటా ఎందుకా అని నేనూ అనుకున్నాను. ఆ కారుకి పేరిచ్చిన మనిషి కథ చదివాక, ఈ జబ్బు ఆయన దగ్గర్నుంచే అంటుకుందేమో అనిపించింది.

విలియం రిచర్డ్ మోరిస్ 1877 అక్టోబరు 10న వూస్టర్‌లో పుట్టాడు. మూడేళ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడే కుటుంబం ఆక్స్‌ఫర్డ్ చేరింది. ఆ ఊరు కాలేజీల ఊరు. మోరిస్ మాత్రం పదిహేనేళ్లకే బడి మానేసి సైకిలు షాపులో పనికి కుదిరాడు. కొన్నాళ్లయ్యాక జీతం కాస్త పెంచమంటే యజమాని కుదరదన్నాడు. అంతే, 4 పౌన్ల పెట్టుబడితో తల్లిదండ్రుల ఇంటి వెనకాల సొంతంగా సైకిళ్ల రిపేరు మొదలుపెట్టాడు. తను కట్టిన సైకిలే ఎక్కి పందాలు గెలిచేవాడు. ఇంతకన్నా మంచి ప్రకటన ఏముంటుంది! సైకిళ్ల తరువాత మోటారు సైకిళ్లు, ఆ పైన లాంగ్‌వాల్ వీధిలో గ్యారేజి. 1904లో ఎలిజబెత్ ఆన్‌స్టీని పెళ్లాడాడు. వారికి పిల్లలు కలగలేదు.

1913లో మొదటి కారు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్, బయటికొచ్చింది. ఇంజను ఒకరి దగ్గర, తక్కిన భాగాలు తలా ఒకరి దగ్గర కొని, తను కూర్పు మాత్రం చేసేవాడు. దీన్ని కొందరు చిన్నచూపు చూశారుగానీ అసలు తెలివంతా అక్కడే ఉంది. యుద్ధం ముగిశాక మాంద్యం వచ్చి, 1921లో కార్లు కొనే నాథుడు లేక షెడ్డులో పేరుకుపోయాయి. పక్కవాళ్లు తలపట్టుకు కూర్చుంటే మోరిస్ ఒక మోడల్ మీద ఏకంగా 100 పౌన్లు తగ్గించేశాడు! బళ్లు కదిలాయి. 1925 నాటికి ఏడాదికి 50 వేలు పైచిలుకు కార్లు కౌలీ ఫ్యాక్టరీ నుంచి వెళ్లాయి.

సామాను సరఫరా చేసేవాళ్లు ఆలస్యం చేస్తే ఆ కంపెనీనే కొనెయ్యడం ఆయన పద్ధతి. అలా 1923లో ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉన్న ఆస్బర్టన్ రేడియేటర్లు ఆయన సొంతమైంది. హీటరు అనేది మరేమీ కాదు, ఓ బుల్లి రేడియేటరు. అయితే ఆయన తొలినాటి కార్లలో అది లేదు. కాళ్ల మీద కంబళి, పాదాల దగ్గర వేడినీళ్ల సీసా, అంతే!

1948లో వచ్చిన మోరిస్ మైనర్ అలెక్ ఇసిగోనిస్ సృష్టి. దాని రూపం మన దొరగారికి బొత్తిగా నచ్చలేదు, బాహాటంగా ఎగతాళి చేశాడు కూడా. ఆ కారే 1960 డిసెంబరులో పది లక్షలు దాటిన మొట్టమొదటి బ్రిటిష్ కారు అయింది. తొలి మైనర్లలో వాటర్ పంపు లేదు. వేడెక్కిన నీళ్లు తేలికై పైకి, చల్లారినవి కిందికి, వాటంతట అవే తిరిగేవి. ఇంజనుకది చాలుగానీ సన్నని గొట్టాల్లోంచి హీటరు దాకా నీళ్లను తోసే బలం అందులో లేదు. పంపు వచ్చాకే హీటరు వచ్చింది, అదీ విడిగా డబ్బు కడితేనే.

బాగుచేసే విధానం మన మెకానికల్ విద్యార్థులకు నచ్చుతుందని చెబుతున్నాను. ముందు లోపలి ఇత్తడి, రాగి గొట్టాల అల్లికను విప్పి తీసి, పేరుకున్న సున్నాన్ని మందునీళ్లతో కరిగించి, కుళాయి నీళ్లు రెండువైపుల నుంచీ పారించాలి. ఒక మూతి బిగించి, రెండోదాంట్లోంచి కొద్ది ఒత్తిడితో గాలి పంపి, బకెట్టు నీళ్లలో ముంచితే ఎక్కడ బుడగలొస్తే అక్కడ చిల్లు. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్లే! దానికి టంకం పెట్టాలి. మంట ఎక్కువైతే పక్క అతుకులు ఊడతాయి గనుక తొందర పనికిరాదు. మోటారులో అరిగిన బ్రష్షులు మార్చి, కమ్యుటేటరు శుభ్రం చేస్తారు. ఇంజను మీది హీటరు కుళాయి ఏళ్ల తరబడి తిప్పక బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని ఓపికగా వదులు చెయ్యాలేగాని విరగ్గొట్టరాదు. చివరికి కొత్త రబ్బరు గొట్టాలు, డబ్బాకి నల్లరంగు. ఇంతా చేసి వచ్చే వేడి అంతంతమాత్రమే అంటారు!

మన దేశానికీ మోరిస్ చుట్టమే. హిందూస్థాన్ మోటార్స్ వారి హిందూస్థాన్ 10, బేబీ హిందూస్థాన్ మోరిస్ బళ్లే. 2014 దాకా తయారైన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చింది. మన ఎండల్లో హీటరెవరికి కావాలి? కాకపోతే ఇంజను మరీ కాగిపోయినప్పుడు హీటరు పూర్తిగా తిప్పితే కొంత వేడి అటు పోతుందన్న చిట్కా డ్రైవర్లకు తెలుసు. మే నెలలో ఆ చిట్కా ప్రయోగించినవాడి బాధ వాడికే ఎరుక.

మోరిస్ 1934లో నఫీల్డ్ ప్రభువయ్యాడు. ఇక్కడ నా అభిప్రాయం కూడా దాచుకోను. ఈ మనిషిని కేవలం పొగిడి వదిలెయ్యడం నాకిష్టం లేదు. కార్మిక సంఘాలంటే ఆయనకు గిట్టదు. తరువాత ఫాసిస్టుగా తేలిన మోస్లీ పెట్టిన కొత్త పార్టీకి 50 వేల పౌన్లు ఇచ్చాడు. విద్యార్థి సంఘం సంచికలో ఇది రాయకపోతే తప్పు. అదే చేత్తో 1936లో ఆక్స్‌ఫర్డ్ వైద్య విద్యకు 20 లక్షల పౌన్లిచ్చాడు. మత్తుమందు శాస్త్రానికో ప్రొఫెసర్ పదవి అంటే యూనివర్సిటీ పెద్దలు నసిగారు, అదీ ఒక శాస్త్రమేనా అని. అది కూడా ఉండాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. 1937లో రాబర్ట్ మెకింతోష్ బ్రిటన్‌లో ఆ పదవికి మొదటివాడయ్యాడు. యౌవనంలో సర్జను కావాలని మోరిస్ కోరికట. బడి మానేసినవాడికి ఆ దారి ఎక్కడిది?

1937లోనే నఫీల్డ్ కాలేజీకి డబ్బిచ్చాడు. ఇంజనీరింగు కాలేజీ పెట్టాలని ఆయన ఉద్దేశం; పెద్దలు నచ్చజెప్పి సాంఘిక శాస్త్రాల వైపు తిప్పారు. ఆయనకది చాలాకాలం మనసులో గుచ్చుకుంది. ఇంజనీరింగు చదివిన నాకు ఆయన పక్షం వహించాలనే ఉంది!

1938లో పోలియో రోగులకు ఊపిరాడించే ప్లైవుడ్ పెట్టెల సంగతి తెలిసి, వాటిని కౌలీ ఫ్యాక్టరీలోనే చేయించి, కామన్‌వెల్తులో అడిగిన ఆసుపత్రికల్లా ఉచితంగా ఇస్తానన్నాడు. ఐదువేలదాకా చేస్తానన్నాడు, వెయ్యికి పైగా వెళ్లాయి. ఎంతమంది పిల్లలు ఆ పెట్టెల్లో ఊపిరి పీల్చుకున్నారో!

1952లో ఆస్టిన్ కంపెనీతో విలీనం జరిగిన కొద్దికాలానికే ఆయన తప్పుకున్నాడు. 1963 ఆగస్టు 22న పోయాడు. వారసులు లేక బిరుదు ఆయనతోనే ముగిసింది. ఇల్లు కాలేజీకి రాసిచ్చాడు, తరువాత అది నేషనల్ ట్రస్టు చేతికొచ్చింది. పడకగదిలో బట్టల బీరువా లాంటిదొకటి ఉంది. తలుపు తీస్తే కోట్లు కాదు, సుత్తులు, పట్టకార్లు, మేకుల డబ్బాలు. నిద్ర పట్టని రాత్రుళ్లు ప్రభువుగారు దాన్ని తెరిచి గడియారాలు విప్పేవాడు, తన బూట్లకు తానే అట్టలు కొట్టుకునేవాడు.