లాన్ చేనీ

లాన్ చేనీ (ఏప్రిల్ 1, 1883 - ఆగష్టు 26, 1930) అమెరికాకు చెందిన మూకీ సినిమా నటుడు, రూపశిల్పి. కాలిన ముఖాలు, గాయపు మచ్చలు, అంగవైకల్యం, వార్ధక్యం వంటివి తెరపై నిజమనిపించేలా చూపే మేకప్ కళకు ఆద్యులలో ఒకడు. తన మేకప్‌ను తానే చేసుకొనేవాడు. వేయి ముఖాల మనిషిగా ప్రసిద్ధి చెందాడు. 150కి పైగా సినిమాలలో నటించాడు.

బాల్యం

చేనీ కొలరాడో రాష్ట్రంలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో జన్మించాడు. తల్లి ఎమ్మా, తండ్రి ఫ్రాంక్ ఇద్దరూ బధిరులు. తండ్రి క్షురక వృత్తిలో ఉండేవాడు. ఆ ఊరిలోని బధిరుల పాఠశాల స్థాపనలో చేనీ మాతామహునికి ముఖ్యపాత్ర ఉంది. తల్లి కీళ్ళవాతంతో మంచం పట్టగా చేనీ చిన్నతనంలోనే చదువు మాని ఆమెకు సేవ చేశాడు. ఊరిలో జరిగిన సంగతులన్నిటినీ ముఖకవళికలతో, చేతి సైగలతో ఆమెకు అభినయించి చూపేవాడు. మాట లేకుండా మనసులోని భావాన్ని తెలపడం అతనికి ఈ విధంగా అలవడింది. తరువాత మూకీ సినిమాలలో ఇదే అతనికి పెట్టుబడి అయింది.

నాటకాల నుండి సినిమాలకు

యౌవనంలో సంచార నాటక సమాజాలలో నటునిగా, హాస్యగానిగా పనిచేశాడు. గాయని క్లీవా క్రైటన్‌ను వివాహమాడాడు. 1906లో వారికి క్రైటన్ అనే కుమారుడు జన్మించాడు. 1913లో లాస్ ఏంజెలెస్‌లో, భర్త పనిచేస్తున్న నాటకశాలలోనే క్లీవా పాదరస లవణాన్ని మింగి ఆత్మహత్యకు ప్రయత్నించింది. ప్రాణం దక్కినా ఆ విషం ఆమె గొంతును కాల్చివేయడంతో గాయనిగా ఆమె జీవితం ముగిసింది. తరువాత దంపతులు విడిపోయారు. ఈ సంఘటన వలన నాటకరంగంలో అవకాశాలు కరువై చేనీ సినిమాల వైపు మళ్ళాడు. యూనివర్సల్ సంస్థలో చిన్న వేషాలతో మొదలుపెట్టాడు. 1915లో హేజెల్ హేస్టింగ్స్‌ను వివాహం చేసుకొన్నాడు. 1919లో వచ్చిన ది మిరకిల్ మాన్ అతనికి పేరు తెచ్చింది.

మేకప్ పద్ధతులు

చేనీ కాలానికి రబ్బరు నురుగుతో తయారుచేసే కృత్రిమ ముఖభాగాలు సినిమాలలో వాడుకలోకి రాలేదు. మైనం, దూది, రంగులు, స్పిరిట్ గమ్, కొలోడియన్ అతని ముఖ్య సామగ్రి. తెలుగు నాటకాలలో మీసాలు, గడ్డాలు అతికించడానికి వాడేది కూడా ఈ స్పిరిట్ గమ్మే. కృష్ణా డెల్టాలోని కూచిపూడి భాగవతులు ముఖానికి పూసుకొన్న అర్దళం వంటి రంగులు మేనిఛాయను మార్చేవి. చేనీ ఛాయతో ఆగక ముఖం ఆకృతినే మార్చాడు.

కొలోడియన్ అనేది ఈథర్, ఆల్కహాలు మిశ్రమంలో నైట్రోసెల్యులోజ్‌ను కరిగించగా వచ్చే చిక్కని ద్రవం. వైద్యులు దీనిని చిన్న గాయాలను మూసివేయడానికి వాడేవారు. ఇది ఆరినప్పుడు కుదించుకుపోయి కింది చర్మాన్ని లోపలికి లాగుతుంది. అందువలన పాతబడిన గాయపు మచ్చలా కనిపిస్తుంది. దూది పొరలను కొలోడియన్‌తో తడిపి ఒకదానిపై ఒకటి అతికిస్తే దవడ ఎముకలు ఉబికినట్లు, చర్మం ముడతలు పడినట్లు అవుతుంది. గాయాన్ని మాన్పే ద్రవమే ఈ విధంగా గాయాన్ని సృష్టించే సాధనమైంది. కాలిన గాయాలకు మేకప్ చేసేవారు తరువాతి కాలంలో ద్రవరూప రబ్బరును, పలుచని కాగితపు పొరలను కలిపి వాడడానికి మూలసూత్రం ఇదే. పొరలను అక్కడక్కడ చించి, అంచులు లేపి, లోపల ఎరుపు, చుట్టూ నలుపు రంగులు వేస్తారు.

ప్రసిద్ధ పాత్రలు

ది పెనాల్టీ (1920)లో రెండు కాళ్ళూ కోల్పోయిన నేరస్తుని పాత్ర కోసం చేనీ తన కాళ్ళను మడిచి వెనుకకు కట్టుకొని, మోకాళ్ళపై నడిచాడు. రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం వలన ఎక్కువసేపు అలా ఉండలేకపోయేవాడు. ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్ (1923)లో గూనివాడైన క్వాసిమోడోగా నటించాడు. ఆ సినిమాలో ధరించిన గూని బరువు గురించి ప్రచారంలో ఉన్న అంకెలు చాలావరకు అతిశయోక్తులు.

ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా (1925) అతని పాత్రలలో అత్యంత ప్రసిద్ధమైనది. ముక్కు కొనను పైకి లాగి కట్టి, ముక్కుపుటాలకు నల్లరంగు పూసి, బుగ్గలను ఉబికించి ముఖాన్ని పుర్రెలా మార్చుకొన్నాడు. సినిమా విడుదలయ్యేవరకు నిర్మాతలు ఆ ముఖాన్ని పత్రికలకు చూపలేదు. ఇందులో ఫాంటమ్ పుట్టుకతోనే వికృతరూపుడు. 1943లో యూనివర్సల్ ఇదే కథను తిరిగి తీసినప్పుడు అతని ముఖం ఆమ్లం పడి కాలినట్లు మార్చారు. ఆ సినిమాలో క్లాడ్ రెయిన్స్‌కు జాక్ పియర్స్ మేకప్ చేశాడు.

చేనీ పాత్రలలో భయంతో పాటు జాలి కూడా కలుగుతుంది. వికృతమైన ముఖం వెనుక ఆదరణ కోసం తపించే మనిషిని చూపడం అతని ప్రత్యేకత. బ్రిటానికా విజ్ఞానసర్వస్వం 14వ ముద్రణ (1929)లో సినిమా మేకప్ గురించిన వ్యాసాన్ని అతనే వ్రాశాడు.

చివరి రోజులు

ది అన్‌హోలీ త్రీ (1930) అతని ఏకైక టాకీ. ఇందులో అయిదు గొంతులను తానే పలికాడు. సినిమా విడుదలైన కొద్ది వారాలకే కాన్సర్ వ్యాధి కారణంగా గొంతులో రక్తస్రావమై మరణించాడు. చివరి రోజులలో మాట పోవడంతో, చిన్నతనంలో తల్లితో మాట్లాడినట్లే సైగలతో మాట్లాడవలసి వచ్చింది.

కుమారుడు క్రైటన్ తరువాత లాన్ చేనీ జూనియర్ పేరుతో నటుడై ది వుల్ఫ్ మాన్ (1941)తో ప్రసిద్ధి చెందాడు. చేనీ జీవితం ఆధారంగా 1957లో తీసిన సినిమాలో జేమ్స్ కాగ్నీ నటించాడు. చేనీ వాడిన మేకప్ పెట్టె లాస్ ఏంజెలెస్ కౌంటీ ప్రకృతి చరిత్ర మ్యూజియంకు చేరింది. అతని మూకీలలో చాలావాటి ప్రతులు నశించాయి. వాటిలో లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్ (1927) ముఖ్యమైనది.

ముఖ్యమైన సినిమాలు

* ది మిరకిల్ మాన్ (1919)
* ది పెనాల్టీ (1920)
* ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్ (1923)
* ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా (1925)
* ది అన్‌నోన్ (1927)
* ది అన్‌హోలీ త్రీ (మూకీ 1925, టాకీ 1930)